కొబ్బరిచెట్టు ఎక్కని రాజరత్నం

కాకినాడ,
11 నవంబరు 2024.

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేంటి అనుకుంటావు. ఫోన్‌లో అయితే నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు ఇరవై మాటలంటావు, ఆఖరికి పోట్లాడుకుని పెట్టేస్తాం. అమ్మ పోయిన ఈ రెండేళ్ళూ జరుగుతున్నది అదే. ఈ సంగతి అలా పోట్లాటలో పోకూడదు. బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని చదువు.

గురువారం నా గదికి అప్పాజీ గారొచ్చారు. అవును, ఆ అప్పాజీ గారే. నాన్న ఎవరి దగ్గర పదమూడేళ్ళు పాలేరుతనం చేశాడో ఆయనే. కొడుకు సత్యప్రసాద్ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఇప్పుడాయనకి డెబ్భై ఎనిమిది. గ్లకోమాతో రెండు కళ్ళూ పోయాయి. పంచె మాత్రం అదే తెలుపు. కుర్చీ తడుముకుని కూర్చుని, డాక్టరమ్మగారిది ఏ ఊరండి అని అడిగారు. కాకినాడండి అన్నాను.

నా పని నీకు తెలిసిందే. మెదడుకి దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, ఆ మనిషిలో ఏది పోయింది, ఏది మిగిలింది అని పరీక్షించి కాగితం రాయడం. నువ్వు 'మతి తూకం వేసే ఉద్యోగం' అంటావు చూడు, అదే. సత్యప్రసాద్ రాజమండ్రి కోర్టులో అర్జీ పెట్టాడు. మా నాన్నకి మతి చెడింది, ఆయన వ్యవహారాలూ, ఆయన ఎక్కడ ఉండాలన్నదీ నా చేతికివ్వండి అని. పెద్దాయన ఒప్పుకోవడం లేదు. నా మతి బాగానే ఉంది, నా ఇంట్లో నేనుంటాను అంటున్నారు. కోర్టు పరీక్ష చెయ్యమని మా ఆస్పత్రికి పంపింది. ఇక నేను రాసే కాగితాన్ని బట్టే ఆయన సొంత ఇంట్లో యజమానిగా ఉంటారో, పిచ్చివాడిగా ఒక గదిలో ఉంటారో తేలుతుంది.

ఆ పూట పరీక్ష మొదలుపెట్టలేదు. నేను ఫలానా రాజరత్నం కూతుర్ని, మా నాన్న వీళ్ళ పాలేరు, మా నాన్న తలకి తగిలిన దెబ్బ ఈయన చేతి దెబ్బేనని మా ఇంట్లో నమ్మకం, కాబట్టి నన్ను తప్పించండి అని కోర్టుకి రాసి పంపాను. రాయకుండా ఊరుకుందామని కూడా అనుకున్నాను. ఒక రోజంతా ఊరుకున్నాను కూడా. నీతో అబద్ధం ఎందుకు?

నీ చెల్లి,
ప్రిస్కిల్లా.


నిడదవోలు,
19 నవంబరు 2024.

ప్రిస్కిల్లా, వందనాలు.

తెలివితక్కువదానా! ముప్ఫై మూడేళ్ళకి దేవుడు ముద్ద కలిపి నోటిదాకా తెస్తే, నాకొద్దండి, కోర్టువారిని అడగండి అంటావా? ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వొచ్చింది. పాపం పండటమంటే ఇదే. పాలేరు కూతురి ముందు కుర్చీ తడుముకుని కూర్చున్నాడూ! ఆ ఒక్క వాక్యం నాకు కంఠతా వచ్చేసింది.

ఇంకా 'గారు' ఏంటే? 'వచ్చారు, అడిగారు' ఏంటి? నాన్నని ఆ ఇంట్లో ఒక్కనాడైనా పేరు పెట్టి పిలిచారా? నేను మాత్రం వాడు అనే అంటాను. ఎర్ర ఇంకుతో దిద్దుకో కావాలంటే.

నీకప్పుడు అయిదేళ్ళు. నీకు గుర్తున్నది నాన్న ఆస్పత్రి నుంచి వచ్చాక సంగతి. నాకు పదకొండేళ్ళు, ముందు నాన్న కూడా గుర్తున్నాడు. సాయంత్రం చర్చిలో కంజిర కొట్టేవాడు. లెక్క నోటితో చెప్పేవాడు. ఆ తర్వాత వచ్చింది వేరే మనిషి. ప్రార్థన మధ్యలో పకపకా నవ్వేవాడు. పాస్టరుగారిని అమ్మనాబూతులు తిట్టేవాడు. చొక్కా ఒక చెయ్యి తొడుక్కుని రెండోది ఎందుకో మర్చిపోయి అలాగే కూర్చునేవాడు. దయ్యం పట్టిందన్నారు. మూడు వారాలు ఉపవాస ప్రార్థనలు చేశారు. దయ్యం వదల్లేదని ప్రభువు బల్లకి రానివ్వడం మానేశారు. ఊళ్ళో పేరు 'పిచ్చి రాజరత్నం'. అమ్మ ఊడ్పులకి వెళ్ళినప్పుడు, రోడ్డెక్కి పోతాడని నాన్న కాలికి తాడు వేసి గుంజకి కట్టింది నేను. ఏ ముడి వేస్తే వూడదో నాకు పదకొండేళ్ళకే తెలుసు.

మరి ఆస్పత్రి చీటీలో ఏముంది? 'కొబ్బరిచెట్టు మీద నుంచి పడుట.' వాడి పెళ్ళాం వచ్చి అమ్మ చెవిలో చెప్పిన మాట అది. లేకపోతే వైద్యం చేయించరట, ఇల్లు ఖాళీ చెయ్యాలట. అమ్మ అలాగే చెప్పింది. చచ్చేదాకా ఆ మాటకి ఏడ్చింది.

అందుకని ఎక్కువ ఆలోచించకు. మతి లేదు అని రాయి. వాడినీ ఒక గుంజకి కట్టనీ. వాడు గొంతు చించుకుని నిజం చెప్పినా, పిచ్చోడి మాటలే అని జనం నవ్వుకుంటూ పోవాలి. నాన్న పద్దెనిమిదేళ్ళు అలా బతికి పోయాడు. వాడు రెండేళ్ళు బతికినా చాలు నాకు.

నీ అక్క,
కృపారాణి.


కాకినాడ,
8 డిసెంబరు 2024.

అక్కా,

కోర్టు నన్ను తప్పించలేదు. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఇలాంటి పరీక్ష చేసేవాళ్ళు దొరకడం కష్టం, రెండు పక్షాలకీ అభ్యంతరం లేకపోతే ఆమే చేయవచ్చు అన్నారట. సత్యప్రసాద్ లాయరు మాకేం అభ్యంతరం లేదండి అని నవ్వాడట. ఎందుకు నవ్వాడో నీకు చెప్పక్కర్లేదు. నేను కక్ష తీర్చుకుంటానని వాళ్ళ నమ్మకం. అప్పాజీ గారిని అడిగితే, ఎవరి కూతురైతే నాకేంటి, మా కోడలి కంటే ఎక్కువ అసహ్యించుకుంటుందా అన్నారట. రాజరత్నం అంటే ఎవరో ఆయనకి తట్టలేదు.

మొన్న మంగళ, బుధవారాల్లో పరీక్ష చేశాను. మామూలుగా ఇలాంటి పరీక్షల్లో గడియారం గీయిస్తారు, బొమ్మలు చూపిస్తారు. చూపు లేనివారికి అవి పనికిరావు. నా దగ్గర ఉన్నది నేను తయారు చేసిన నోటి పరీక్ష. ఎవరికోసం చేశానో నీకు తెలుసు. పోయిన ఏడాది రొయ్యల ఫ్యాక్టరీలో ఇనప తలుపు నెత్తిన పడ్డ లోవలక్ష్మి, అంతకుముందు ఇటుక బట్టీ మనుషులు. గడియారం గీయడం రాలేదని వాళ్ళకి పుట్టుకతోనే మతి లేదని యజమానులు రాయించేసేవారు. అందుకని దమ్ము దగ్గర్నుంచి నూర్పు దాకా వరి పనులు వరసలో చెప్పించడం, కూర వండే క్రమం చెప్పించడం, ఇలా వాళ్ళ బతుకులోంచే ప్రశ్నలు కట్టాను. పేటలో మనుషుల కోసం చేసిన ఆ పరీక్షకి మొన్న కామందు జవాబులు చెప్పారు. దమ్ముకీ ఊడ్పుకీ మధ్య ఎన్ని రోజులో తడుముకోకుండా చెప్పారు.

అందులో ఒక ప్రశ్న ఉంది. మీ జీవితంలో జరిగిన ఒక సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పండి, ఏ పంట కారు, ఎక్కడ, ఎవరెవరు అని. పెళ్ళి చెబుతారనుకున్నాను. చాలామంది పెళ్ళే చెబుతారు. మొదలుపెట్టే ముందు, మీరు ఇక్కడ చెప్పిందంతా కోర్టుకి వెళుతుందండి అని రెండుసార్లు హెచ్చరించాను. వెళ్ళనీండి అన్నారు. ఆయన చెప్పింది రాసుకున్నది రాసుకున్నట్టు నీకు పంపుతున్నాను.

"రెండో పంట దాళ్వా చేను పొట్ట మీదుందండి. కాలవకి నీళ్ళు చాలక వంతులేసుకున్నాం. తెల్లారేదాకా మా వంతు. తెల్లారి వెళ్ళి చూస్తే మా పొలం చెక్క తడవలేదు, నీళ్ళన్నీ బోదె కాలవ దాటి శివార్న పేటోళ్ళ చేలకెళ్ళిపోయినియ్యి. మా పాలేరే మళ్ళించాడు. పార తిరగేసి కొట్టాను. ఒకటే దెబ్బండి. పడలేదు. నిలబడే, 'తూము కట్టెయ్యమంటారాండి' అని అడిగాడు. అప్పుడు పడ్డాడు."

నా చేతిలో పెన్ను ఆగలేదు. అది చూసి నాకే ఆశ్చర్యం వేసింది. పరీక్షలో అడగవలసిన మాట కాబట్టి, ఆ మనిషి పేరేంటండి అని అడిగాను. పాలేరండి అన్నారు. పేరండి అన్నాను. చాలాసేపు ఆలోచించి గుర్తులేదన్నారు. ఎడ్ల పేర్లు మాత్రం చెప్పారు, సాంబడు, గంగడు. సాంబడికి ఎడమ కొమ్ము విరిగిందట. పేరు చెప్పలేదని ఒక మార్కు తగ్గించాను. ఆ ఒక్కటీ తగ్గించడంలో నాకెంత సుఖం కలిగిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంకో ఆరు మార్కులు తగ్గిస్తే చాలు, అక్కా. ఎవరూ పట్టుకోలేరు. రెండు రోజులు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కానీ ఒకసారి అబద్ధం రాసినదాని మాట రేపు లోవలక్ష్మి విషయంలో ఎవరు నమ్ముతారు? నిజమే రాస్తాను. కొత్త సంగతులు నిలవడం తగ్గింది, పాతవీ, మంచీ చెడూ తేల్చుకునే శక్తీ ఉన్నాయి.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. అది కోర్టు కాగితంలో ఉంటుంది. ఇక్కడ రాయను.

ప్రిస్కిల్లా.


నిడదవోలు,
20 డిసెంబరు 2024.

ప్రిస్కిల్లా,

తూము కట్టెయ్యమంటారా అని అడిగాడట. నాన్న ఆ మాట అన్నట్టు ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళేసరికే గట్టు మీద పడుకోబెట్టి ఉన్నాడు. తల పగిలినవాడు పని అడిగాడే! అది చదివి పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు నేను.

ఎద్దు కొమ్ము గుర్తుంది, నాన్న పేరు గుర్తులేదు! నువ్వు తగ్గించిన ఆ ఒక్క మార్కు నాకు చాలదు. నిజం రాస్తానంటున్నావు. నీ నిజంతో వాడు దర్జాగా ఇంటికెళ్ళి వాలుకుర్చీలో కూర్చుంటాడు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అంటారు, నువ్వు కుక్కకి కట్టు కడుతున్నావు. లోవలక్ష్మికి న్యాయం చెయ్యి, నేను కాదనను. కానీ మన నాన్న లోవలక్ష్మి కంటే పరాయివాడా?

ఆ రాయని మాట ఏంటి? వంతు తప్పించింది నాన్నేనని వాడికెలా తెలిసిందట? ఎవరైనా చెప్పారన్నాడా? రెండుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు.

కృపారాణి.


కాకినాడ,
23 జనవరి 2025.

అక్కా,

రిపోర్టు కోర్టుకి ఇచ్చేశాను. ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. అది నేను పెట్టిన నియమం వల్లే వచ్చింది.

నా పరీక్షలో జీవిత సంగతి చెప్పించినప్పుడు, అది నిజంగా జరిగిందేనని చూసినవాళ్ళ చేత సరిచూసుకోవాలి. మనవాళ్ళకి కాగితాలుండవు, పుట్టినరోజు సర్టిఫికెట్టు కూడా ఉండదు. పక్కింటివాళ్ళ మాటే కాగితం. అందుకని పెట్టాను. సరిచూస్తే నిజమైతే జ్ఞాపకం బాగున్నట్టు. చూసినవాళ్ళు అలా జరగలేదంటే, లేనిది ఉన్నట్టు చెబుతున్నారని రాయాలి. మతి తప్పుతున్న గుర్తుల్లో అది పెద్దది. అప్పాజీ గారి విషయంలో తక్కెడ అటు మొగ్గడానికి అదొక్కటి చాలు.

సత్యప్రసాద్ లాయరు దాన్నే పట్టుకున్నాడు. దెబ్బా లేదు, ఏమీ లేదు, ఆ పాలేరు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడని ఆస్పత్రి చీటీ ఉంది, ముసలాయన పిచ్చి ఊహ ఇదంతా అంటున్నాడు. ఆవేళ చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నువ్వొక్కదానివే. నీ చెల్లెల్ని కాబట్టి నేను నిన్ను అడగకూడదు. కోర్టే నిన్ను పిలుస్తుంది.

నువ్వు ఏం చెప్పాలో నేను చెప్పను. నాకు రాయకు కూడా. కోర్టు కాగితం నకలు నీకూ వస్తుంది, చదువుకో.

ప్రిస్కిల్లా.


నిడదవోలు,
2 మార్చి 2025.

ప్రిస్కిల్లా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నువ్వు జవాబివ్వకు, చదువు చాలు.

సమన్లు వచ్చిన మూడో రోజున సత్యప్రసాద్ మా ఇంటికొచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, పంచదార పూతరేకుల ప్యాకెట్టు టీపాయ్ మీద పెట్టి, టీచరుగారండీ అని ఎంత మెత్తగా మాట్లాడాడో! అతను అడిగింది ఒక్కటే. కోర్టులో నాకేం తెలియదు, నాన్న చెట్టు మీంచి పడ్డాడని మా అమ్మ చెప్పింది అనాలి. "అబద్ధం కూడా కాదు కదండి, చీటీలో ఉన్నదే. మా నాన్న మీకు చేసినదానికి మీకూ తృప్తిగా ఉంటుంది" అన్నాడు. రాజమండ్రిలో ఒక హోమ్ చూసి పెట్టాడట. మనుషులు బయటికి పోకుండా గదులకి బయట నుంచి గడియలుంటాయట.

నిజం చెప్పనా? ఆ గడియ మాట విన్నప్పుడు నా ఒళ్ళు చల్లబడింది. నువ్వు చెయ్యనిది నేను చేస్తాను అనుకున్నాను. ఒక్క మాట. 'నాకు తెలియదండి.' వాడి చెవిన ఆ గడియ పడుతుంది. వారం రోజులు హాయిగా నిద్రపోయాను. పూతరేకులు కూడా తిన్నాను, అన్నీ.

తర్వాత కోర్టు నకలు చదివాను. నువ్వు రాయని మాట అందులో ఉంది, నీళ్ళ సంగతి తనకి పాలేరు పిల్లే చెప్పిందని. అది నువ్వే విని రాశావనీ, డిసెంబరు నుంచీ నీకు తెలుసనీ అప్పుడు అర్థమైంది.

అవును, నేనే చెప్పాను. ఆవేళ పొద్దున్నే వాళ్ళ వాకిలి ఊడవడానికి అమ్మ బదులు నేను వెళ్ళాను. వాడు అరుగు మీద నిలబడి, పాపా, మీ నాన్న తెల్లారకుండా ఎటెళ్ళాడే అని అడిగాడు. నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. నేను ఎంత గొప్పగా చెప్పానో తెలుసా? "మా పేటోళ్ళ చేలు ఎండిపోతున్నాయని నీళ్ళు పెట్టడానికెళ్ళాడండి" అన్నాను. మా నాన్న అందరికీ నీళ్ళిచ్చాడు అని నాకు గర్వం. వంతు అంటే ఏంటో నాకు తెలియదు. అది తప్పించడం దొంగతనమంటారని తెలియదు. బెల్లం చప్పరిస్తూ మిగతా వాకిలి ఊడ్చాను. వాడు పార తీసుకుని వెళ్ళడం చూశాను.

అమ్మకి కూడా చెప్పలేదు. ముప్ఫై మూడేళ్ళు బెల్లం ముట్టలేదు, షుగరని అందరికీ అబద్ధం చెప్పాను. నాన్న కాలికి తాడు కట్టినప్పుడల్లా, నాన్నకి ఏదో ఒకరోజు మతి వచ్చి, నువ్వేనా అని అడుగుతాడని భయపడేదాన్ని. మతి రాకూడదని కూడా కోరుకున్నాను కొన్నిసార్లు. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు చూడు నా గతి. వాడిని గదిలో పెట్టించాలంటే నాన్న చెట్టు మీంచి పడ్డాడని నా నోటితో మళ్ళీ చెప్పాలి. నిజం చెప్పాలంటే ఆ పిల్ల నేనేనని నలుగురిలో ఒప్పుకోవాలి, పైగా వాడు ఇంటికెళ్ళిపోతాడు. నన్ను తిట్టు, ప్రిస్కిల్లా. తిడితే బాగుంటుంది.

కృపారాణి.


కాకినాడ,
14 మార్చి 2025.

అక్కా,

డిసెంబరులో నీ ఫోను ఎత్తనిది అందుకే. కోపం వచ్చింది. రిపోర్టు రాస్తున్నంతసేపూ కోపంగానే ఉన్నాను. ఎప్పుడూ నాన్న గురించి నాకు తెలియదు, నేను చిన్నదాన్ని, అంతా నువ్వే చూశావు అంటూ నా నోరు మూయిస్తావే, ఈ ముక్క దాచుకుని ఇన్నేళ్ళూ ఎలా అరిచావు నా మీద అనిపించింది. తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు విను. ఆయన అడిగాడు, నువ్వు ఉన్నది చెప్పావు. పార నీ చేతిలో లేదు. ఆ ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళలో ఆవేళ నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే.

చూశావా, ఆయన అన్నాను, అడిగాడు అన్నాను. 'గారు' పోయింది. ఎందుకు వాడుతున్నావని అడిగావు కదా. గారు అంటున్నంతసేపూ ఎదురుగా ఉన్నది ఒక రోగి. గారు తీసేస్తే నాన్నని కొట్టినవాడు. ఆ మాటని పట్టుకునే రెండు రోజుల పరీక్ష పూర్తి చేశాను.

కోర్టులో ఏం చెప్పాలో మాత్రం ఇప్పుడూ చెప్పను. నాకూ ఆ గడియ చప్పుడు వినాలనే ఉంది. అందుకే చెప్పను.

ప్రిస్కిల్లా.


నిడదవోలు,
26 జులై 2025.

చెల్లీ, వందనాలు.

నిన్న అయిపోయింది. వరసగా చెబుతాను.

పోయిన నెలలో మా బడిలో హిందీ టీచరు భర్త, లాయరు విజయ్ పాల్ గారి దగ్గరికి వెళ్ళాను. సాక్ష్యం ఎలా చెప్పాలో అడుగుదామని వెళ్ళి, మాటల్లో మొత్తం చెప్పేశాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి ఒక మాటన్నారు. "టీచరుగారూ, పిచ్చివాడని తేలితే ఆయన్ని జన్మలో బోనెక్కించలేరండి. మతి లేనివాణ్ణి ఏ కోర్టూ విచారించదు." ఇంటికొచ్చే బస్సులో నిడదవోలు స్టేజీ దాటిపోయినా చూసుకోలేదు. సత్యప్రసాద్ చూసి పెట్టిన ఆ గది శిక్ష కాదే, వాడు దాక్కునే చోటు. నేను తెలియదంటే వాణ్ణి కాపాడినదాన్నవుతాను.

నిన్న రాజమండ్రి కోర్టులో ప్రమాణం చేసి నిలబడ్డాను. వాడు ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు. సత్యప్రసాద్ నా వంక చూసి చిన్నగా తల పంకించాడు. లాయరు ఆస్పత్రి చీటీ తీసి చదివాడు. రాజరత్నం కొబ్బరిచెట్టు మీద నుంచి పడ్డాడు, అవునా కాదా అని అడిగాడు.

"మా నాన్నకి చెట్టెక్కడం రాదండి. కొబ్బరి దింపడానికి మా ఊళ్ళో వేరే మనుషులున్నారండి. మా నాన్న జన్మలో ఒక్క చెట్టూ ఎక్కలేదు" అన్నాను.

మరి అప్పాజీ గారి తోటలో ఎవరు దింపేవారో మీకెలా తెలుసు, మీరు చిన్నపిల్ల కదా అన్నాడు లాయరు. నేను నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి గొంతు వచ్చింది.

"బుల్లబ్బాయండి. మా తోట దింపు ఎప్పుడూ బుల్లబ్బాయిదే."

జడ్జిగారు మధ్యలో మాట్లాడకూడదండి అన్నారు. సత్యప్రసాద్ మొహం చూడాలి నువ్వు! లాయరు చీటీ మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఒక్క మాటతో తన మతీ నిలబెట్టుకున్నాడు, ముప్ఫై ఏళ్ళ అబద్ధాన్నీ తన నోటితోనే కొట్టేసుకున్నాడు.

అప్పుడు మిగతాది చెప్పాను. పార తీసుకెళ్ళడం చూశానన్నాను. గట్టు మీద నాన్న చెవిలోంచి రక్తం కారుతోందన్నాను. రిపోర్టులో ఉన్న ఆ పిల్ల ఎవరు అని జడ్జిగారు అడిగారు. ఆయ్, నేనేనండి అన్నాను. బెల్లం ముక్క ఇచ్చాడండి, తీసుకున్నానండి, చెప్పేశానండి. మా నాన్న పేరు రాజరత్నం, పిచ్చి రాజరత్నం కాదు, అలా రాసుకోండి అన్నాను. రాసుకున్నారు.

బయట వరండాలో వాడు గోడ తడుముకుంటూ నా దగ్గరికొచ్చాడు. నేను నడిచిన చప్పుడు పట్టుకుని వచ్చినట్టున్నాడు. "రాజరత్నం పెద్దపిల్లవి కదూ" అన్నాడు. పేరు వచ్చింది, ప్రిస్కిల్లా! నీ పరీక్షలో రాని పేరు వచ్చింది. కన్న కొడుకు నన్ను పిచ్చోణ్ణి చెయ్యబోయాడు, నువ్వు నిలబెట్టావు తల్లీ అని చేతులు జోడించాడు. అక్కడ నాలుగు మంచి మాటలు చెప్పి కన్నీళ్ళు తుడుచుకునే మనుషులుంటారు. నేను కాదు.

"నిలబెట్టడానికే చెప్పానండి. మీకు మతి ఉందని కోర్టు రాస్తుంది. ఇక దేన్నీ గుర్తులేదనడానికి మీకు వీల్లేదు" అన్నాను.

వాడికి అర్థమైంది. జోడించిన చేతులు కిందికి దిగాయి. కర్ర ఎక్కడ పెట్టాడో వెతుక్కోసాగాడు. అది అక్కడే గోడకి ఆనించి ఉంది. నేను అందివ్వలేదు.

నా దగ్గరున్న రిపోర్టు నకలు జత చేసి ఈ పొద్దున స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. ఇన్నేళ్ళ కేసు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నారు విజయ్ పాల్ గారు. తీసుకోక మాత్రం తప్పదన్నారు. రసీదు నా పర్సులో ఉంది. కడుపు నిండిందా అంటే, నిండలేదే. కానీ రాత్రి చలిమిడి చేసుకున్నాను. బెల్లంతో.

నీ అక్క,
కృపారాణి.


కాకినాడ,
9 అక్టోబరు 2025.

అక్కా,

తీర్పు నకలు చూశావు కదా. అప్పాజీకి మతి ఉంది, కొడుకు అర్జీ కొట్టేశారు. ఏడో పేజీలో నాన్న పేరు ఉంది. తన పాలేరు రాజరత్నం తలపై పారతో కొట్టినట్టు అతను చెప్పిన సంగతి సాక్ష్యంతో సరిపోయింది, కనుక జ్ఞాపకశక్తి నమ్మదగినది అని రాశారు. అతనికి మతి ఉందని ఎవరికి చూపించాలన్నా ఆ పేజీ చూపించాల్సిందే. పోలీసులు పిలిచినప్పుడు గుర్తులేదన్నాడట. ఎస్సై ఆ పేజీయే ముందు పెట్టి చదివి వినిపించాడట. విజయ్ పాల్ గారు ఫోన్‌లో చెబుతుంటే నేను తలుపు వేసుకుని మరీ విన్నాను. మళ్ళీ చెప్పండి అని అడిగాను కూడా.

ఇక ఇది నీతో పని. పధ్నాలుగేళ్ళుగా ఎన్ని వందల మందికో రాశాను, నాన్నకి ఒక్క కాగితం రాయలేదు. నిన్న కూర్చుని నా ఫారం ఒకటి తీసి నాన్న పేరున నింపాను. పేరు రాజరత్నం. వృత్తి, వ్యవసాయ కూలీ, కంజిర వాయించేవాడు. ప్రార్థనలో నవ్వడం, తిట్టడం, మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ మెదడు ముందు భాగం దెబ్బ తిన్న గుర్తులు. దయ్యం కాదు, పిచ్చి కాదు. కారణం అన్న గడిలో, నీళ్ళ వంతు మళ్ళించినందుకు యజమాని పారతో కొట్టిన దెబ్బ అని రాశాను. స్పృహ పోయేముందు అన్న చివరి మాట అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఏం రాశానో నీకు తెలుసు.

అసలు కాగితం ఇందులో పెట్టాను. రెండో నకలు మన చర్చి పెద్దలకి పంపుతాను, ఆదివారం అందరి ముందూ చదవమని.

అంతకుముందు నా నియమం ఒకటి పూర్తి కావాలి. కింద 'సరిచూసినవారు' అని ఖాళీ ఉంది. సంతకం పెట్టి పంపు.

నీ చెల్లి,
ప్రిస్కిల్లా.